చుక్క ఒకచోట... చిల్లు ఇంకోచోట

టాపు తీసి తిరిగే కారు అనగానే సినిమా పాటే గుర్తొస్తుంది. హీరో ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతుంటాడు. పక్కన హీరోయిన్ జుట్టు గాలికి ఎగురుతుంటుంది. మధ్యలో వాన పడినా అది వాళ్లిద్దరి కోసమే పడినట్టుంటుంది. పాట అయిపోయాక ఆ సీట్లు ఎవరు ఆరబెట్టారో, కార్పెట్ కింద చేరిన నీళ్లు ఎవరు పిండారో మాత్రం ఏ సినిమాలోనూ చూపించరు.

అలాంటి కార్లు మన దగ్గర ఎక్కడున్నాయి అంటారా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మీదుగా హయత్‌నగర్ వెళ్లే రోడ్డు మీద కాసేపు నిలబడండి. వరసపెట్టి కనిపిస్తాయి. వంచిన ఇనుప గొట్టాల చట్రం, దానిమీద బిగించిన రెగ్జిన్ గుడ్డ, ముందు ఒక అద్దం. అవును, ఆటోనే! కోటి రూపాయల కన్వర్టిబుల్ కారుకైనా, మన ఆటోకైనా నెత్తిమీద ఉన్నది గుడ్డ కప్పే. వానాకాలంలో రెండింటికీ వచ్చే జబ్బు కూడా ఒకటే. ఉరవడం. కాకపోతే ఆ కారున్నవాళ్లు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాన్ని షెడ్డులో పెట్టుకోగలరు. ఆటో నడిపేవాళ్లకు ఆ వీలు లేదు. వాన పడిన రోజే నాలుగు బేరాలు ఎక్కువ వస్తాయి మరి.

స్కూల్ ట్రిప్పు ఆగితే...

హయత్‌నగర్ పాత ఊరే. గోల్కొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయత్ బక్షీ బేగం పేరుమీద వెలసింది. ఆమె పేరుతో ఉన్న మసీదు, ఆ పక్కనే ఏనుగుల బావి అని పిలిచే పెద్ద బావి ఇప్పటికీ ఉన్నాయి. విజయవాడ హైవే మీద ఒకప్పుడు సిటీకి ఆవల ఉన్న ఈ ఊరు ఇప్పుడు సిటీలో కలిసిపోయింది. మెట్రో రైలు మాత్రం ఎల్బీనగర్‌తో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇటు రావాలంటే బస్సెక్కాలి, లేదంటే ఆటో.

ఇక్కడి స్టాండులో పద్దెనిమిదేళ్లుగా ఆటో పెట్టుకుంటున్న ఒకాయన ఉన్నాడు. సొంతూరు చౌటుప్పల్ అవతల. భార్య ఇంట్లోనే మిషన్ కుడుతుంది. జాకెట్లు, ఫాల్స్, స్కూల్ యూనిఫారాలు. కూతురు పదో తరగతి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేకుండా పోయాక ఆయన భార్య కూడా బ్లౌజు పీసులు తేవడానికి బస్సులోనే వెళ్లొస్తోంది. ‘నా ఇంటిదే బస్సెక్కుతుంటే నేనెవ్వర్ని అనాలె?’ అని నవ్వేస్తాడు కానీ, షేర్ ఆటోకు వచ్చే ఆడవాళ్లు తగ్గిపోయిన మాట నిజం. అందుకే పొద్దునా సాయంత్రం చేసే స్కూల్ ట్రిప్పే ఇప్పుడు ఆయనకు ఆధారం. ఆరుగురు పిల్లలు. నెల తిరిగేసరికి చేతికొచ్చే డబ్బు. ఇంటి కిరాయి అందులోంచే వెళ్తుంది.

ఒక జూలైలో ముసురు పట్టింది. రెండో రోజు సాయంత్రం స్కూలు నుంచి వస్తుంటే వెనక సీటు ఎడమ మూలన కూర్చునే నాలుగో తరగతి పాప ‘అంకుల్, నా మీద నీళ్లు పడుతున్నయ్’ అంది. ఎంత, చుక్క చుక్కే. ఇల్లు చేరేసరికి పాప భుజం, ఒళ్లో ఉన్న బ్యాగు ఒక పక్కంతా తడిసిపోయాయి. నోట్సుల మీద సిరా పాకింది.

మర్నాడు కూడా అంతే. మూడో రోజు పాప తల్లి గేటు దగ్గరే నిలబడి ఉంది. కోపంగా ఏమీ మాట్లాడలేదు.

‘‘అన్నా, పుస్తకాలంటే ఆరబెట్టుకుంటం. పిల్లకు ఇప్పటికే దగ్గుంది. ఈ నెల చూస్తం. తక్కువైతలేదంటే మేం వేరే ఆటో మాట్లాడుకుంటం, ఏమనుకోకు.’’

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆయనకు గుచ్చుకున్నది కూడా అదే. ఒక పాప మానేస్తే ఆ వీధిలోనే ఎక్కే ఇంకో ఇద్దరు కూడా మానేస్తారు. పిల్లల తల్లులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఉంటారా?

అతుకు మీద అతుకు

ఆ రాత్రే వైద్యం మొదలుపెట్టాడు. వెనక సీట్లో కూర్చుని, చుక్క పడేచోట వేలు పెట్టి, దానికి సరిగ్గా పైన టాపు మీద గుర్తు పెట్టుకున్నాడు. ఎం-సీల్ కలిపి పూశాడు. మర్నాడు వాన పడింది, చుక్క కూడా పడింది. సైకిల్ ట్యూబు ముక్క కోసి, పంక్చర్లకు వేసే సొల్యూషన్‌తో అదేచోట అంటించాడు. రెండు రోజులు బాగానే ఉందనిపించింది. ఆ రెండు రోజులూ వాన లేదు కాబట్టి అలా అనిపించింది. స్టాండులో ఎవరో చెబితే సిలికాన్ ట్యూబు కొని దానిమీద మరో పూత పూశాడు. చివరికి మొత్తం మీద పాలిథిన్ పట్టా కప్పి తాళ్లతో కట్టేశాడు. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కగానే గాలి దూరి పట్టా పడవ తెరచాపలా ఉబ్బింది. బండి పక్కకు లాగుతుంటే ఆపి పట్టా విప్పేశాడు.

ఇన్ని చేసినా ఆ మూలన చుక్క మాత్రం ఆగలేదు.

ఎందుకు ఆగలేదో ఇంట్లో ఉరిసే కప్పున్న వాళ్లందరికీ తెలిసే ఉంటుంది. నీళ్లు లోపలికి వచ్చే దారి ఒకటి, కిందపడే చోటు ఇంకొకటి. గుడ్డలోంచి దూరిన నీటిబొట్టు వెంటనే రాలిపడదు. పైన ఉన్న ఇనుప గొట్టాన్ని అంటిపెట్టుకుంటుంది. గొట్టం అడుగున వేలాడుతూ వాలు ఎటుంటే అటు జారుకుంటూ పోతుంది. ఎక్కడో ఒక వంపు దగ్గరో, నట్టు దగ్గరో పట్టు తప్పి పడుతుంది. గిన్నెలోంచి పాలు వంచేటప్పుడు సన్నగా పోస్తే గ్లాసులో పడకుండా గిన్నె అడుగు వెంట పాకి గట్టు మీద కారుతాయి చూడండి, అదే ఇది కూడా. కాబట్టి చుక్క పడే చోటికి సరిగ్గా పైన ఎన్ని అతుకులు వేసినా అవి బాగున్న గుడ్డకు వేసిన అతుకులే అవుతాయి.

సూది చేసిన పని

ఈ సంగతి మొదట కనిపెట్టింది ఆయన భార్య. ఆటో ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు ఊరికే చెయ్యి పెట్టి టాపు లోపలి వైపు తడిమింది. అతుకులు వేసిన చోట పొడిగానే ఉంది. ముందుకు పోయేకొద్దీ కుట్టు వెంట తడి తగిలింది.

‘‘ఇగో చూడు, గుడ్డ మంచిగనే ఉన్నది. నీళ్లు కుట్టు ఎంబడి వస్తున్నయ్. సూది గుచ్చిన కాడల్లా తొర్రే కద!’’

రోజూ సూదితోనే బతికే మనిషి కాబట్టి ఆమెకు వెంటనే తట్టింది. ఇది ఇవాళ్టి సమస్య కూడా కాదు. దీనికి రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది.

1823లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింటోష్ రబ్బరును నాఫ్తాలో కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి అతికించి, నీళ్లు దూరని బట్టకు పేటెంట్ తీసుకున్నాడు. వాన కోటును ఇంగ్లండులో ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ బట్ట బ్రహ్మాండంగా ఉంది. తీరా దర్జీలు దానితో కోట్లు కుడితే మాత్రం భుజాల దగ్గర తడి! కుట్టు వేసిన ప్రతిచోటా సూది ఒక చిల్లు పెట్టింది మరి. చివరికి మాకింటోష్ మనుషులే కోట్లు కుట్టించి, కుట్ల మీద కూడా రబ్బరు పూయించాల్సి వచ్చింది.

మొదట్లో వచ్చిన మోటారు కార్లలో చాలా వాటికి ఉన్నవి ఇలాంటి మడిచే గుడ్డ కప్పులే. అంతా ఇనుప రేకుతో మూసిన కార్లు మామూలు జనం కొనేంతగా రావడానికి 1920లు గడవాల్సి వచ్చింది. అంటే ఇప్పుడు విలాసంగా కనిపించే గుడ్డ టాపు ఒకప్పుడు వేరే గతి లేక పెట్టుకున్నది. మన ఆటో కూడా అలాంటి వంశంలోదే. యుద్ధంలో దెబ్బతిన్న ఇటలీలో పియాజియో కంపెనీ 1948లో స్కూటర్‌కు వెనక రెండు చక్రాలు పెట్టి ‘ఆపే’ అనే మూడు చక్రాల బండి తెచ్చింది. ఆ కంపెనీ సహకారంతోనే బజాజ్ వాళ్లు మన దేశంలో స్కూటర్లు, ఆటోలు తయారుచేయడం మొదలుపెట్టారు. బరువు తగ్గాలి, ధర తగ్గాలి కాబట్టి పైన గుడ్డ.

ఆ గుడ్డను మనం రెగ్జిన్ అంటాం. నిజానికది ఇంగ్లండులో తోలుకు బదులుగా తయారైన ఒక గుడ్డకు కంపెనీ పెట్టుకున్న పేరు. ఇప్పుడు మన ఆటోల మీద ఉన్నది నేత గుడ్డ మీద పీవీసీ ప్లాస్టిక్ పూత పూసిన సరుకు. ఆ ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి దాంట్లో ఒక నూనెలాంటి పదార్థం కలుపుతారు. హైదరాబాద్ మే నెల ఎండకు అది కొంచెం కొంచెంగా ఎగిరిపోతుంది. అప్పుడు రెగ్జిన్ బిరుసెక్కి, మడతపడిన చోటల్లా సన్నగా పగుళ్లు వేస్తుంది. అంటే టాపు పాడైంది ఎండాకాలంలో. ఆ సంగతి బయటపడేది మాత్రం వానాకాలంలో!

చాచా పరీక్ష

వనస్థలిపురం దాటాక హైవే పక్కన ఆటోనగర్ ఉంది. లారీల బాడీలు కట్టేవాళ్లు, వెల్డింగు వాళ్లు, టైర్ల వాళ్లు, స్ప్రింగుపట్టీల వాళ్లు, ఎవరి గోల వాళ్లది. అక్కడ ఒక చిన్న షెడ్డులో సీట్లు, టాపులు కుట్టే పెద్దాయన దగ్గరకు ఆదివారం పొద్దున్నే ఆటో తీసుకెళ్లాడు. అందరూ చాచా అనే పిలుస్తారు. లారీ సీట్ల నుంచి పాత జీపుల హుడ్డుల దాకా కుట్టిన చెయ్యి. ఇప్పుడు కళ్లద్దాలు లేకపోతే సూదిలో దారం ఎక్కించలేడు.

‘‘చాచా, కొత్త టాపు ఎయ్యమంటవా?’’ అని ఆయన భయం భయంగానే అడిగాడు. కొత్త టాపంటే వేలల్లో మాట.

‘‘బీమారీ తెల్వకుండ ఆపరేషన్ జేస్తర బేటా? ముందు నీళ్లు పోద్దాం, ఆగు.’’

చాచా చేసిన పరీక్ష ఎవరైనా నేర్చుకోదగ్గది. సీటు మీద, కింద పాత న్యూస్‌పేపర్లు పరిపించాడు. పొడి కాగితం మీద ఒక్క బొట్టు పడినా మచ్చ కనిపిస్తుంది. షెడ్డులో పనిచేసే కుర్రాణ్ని సెల్‌ఫోన్ లైటుతో లోపల కూర్చోబెట్టాడు. తర్వాత మగ్గుతో నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. పై నుంచి కాదు, కింది నుంచి. ముందు టాపు కింది అంచు. కాసేపు ఆగి, లోపల ఏమీ లేదంటే జానెడు పైకి. మళ్లీ ఆగి ఇంకో జానెడు. పై నుంచి పోస్తే నీళ్లు అన్ని కుట్ల మీదుగా కిందికి జారతాయి, ఏ కుట్టు దొంగో తేలదు. కింది నుంచి వస్తే తడి లోపల కనిపించిన క్షణాన మగ్గు ఎక్కడుందో దొంగ అక్కడే.

దాదాపు గంట పట్టింది. ‘చాచా, వచ్చింది!’ అని కుర్రాడు అరిచేసరికి చాచా చెయ్యి టాపు ముందు భాగంలో, అడ్డగొట్టం మీది కుట్టు దగ్గర ఉంది. పాప కూర్చునే మూల నుంచి చూస్తే రెండు మూరలు ముందుకు! అక్కడ దూరిన నీళ్లు ఎడమ గొట్టం పట్టుకుని వెనక్కి నడిచి, వంపు దగ్గర పడుతున్నాయి. ఆయన వేసిన అతుకులన్నీ ఉన్నది ఆ వంపు పైన.

అక్కడితో ఆగలేదు. కుర్రాడితో ముందు అద్దం వైపు నుంచి పైపుతో నీళ్లు చిమ్మించాడు. అద్దం పైన టాపు బిగించే చోట రబ్బరు బీడింగు ఎండి ముడుచుకుపోయి ఉంది. నిలబడి ఉన్న బండిలో అక్కడ నీళ్లు రావు. బండి పరుగెడుతుంటే ఎదురుగాలి నీళ్లను పైకి నెట్టి ఆ సందులోంచి లోపలికి తోస్తుంది. ఇంటి ముందు ఆపి ఎంతసేపు చూసినా ఆయనకు దొరకనిది అందుకే. మూడోది టాపు మధ్యలో పడిన గుంట. బిగింపు పట్టీలు వదులైపోయి అక్కడ నీళ్లు నిలుస్తున్నాయి. లీటరు నీళ్లంటే కిలో బరువు. నాలుగు లీటర్లు నిలిచాయంటే నాలుగు కిలోల రాయి ఎత్తి కుట్టు మీద పెట్టినట్టే. ఆ బరువుకు సూది చిల్లులు సాగి ఇంకా పెద్దవవుతాయి.

నూలు దారమా, నైలాన్ దారమా?

పని మొదలుపెట్టేముందు చాచా చేసింది శుభ్రం చేయడం. ఎం-సీల్ పెచ్చులు ఊడదీశాడు. సిలికాన్ గీకడానికే ఎక్కువసేపు పట్టింది. ఒకసారి సిలికాన్ పూసిన చోట మరే గమ్మూ సరిగా పట్టదు. పాత ట్యూబు ముక్క లేపితే కింద తడి, నాచు వాసన. అతుకు వేసేముందు ఆరనివ్వకపోతే నీళ్లను లోపలపెట్టి మూసినట్టే అవుతుంది. సబ్బునీళ్లతో కడిగి ఎండలో పెట్టారు. అదృష్టం కొద్దీ ఆ పూట ఎండ వచ్చింది.

పాత చిల్లుల్లోంచే మళ్లీ కుడితే గుడ్డ పోస్టల్ స్టాంపు అంచులా చిరిగిపోతుంది. అందుకని పాత కుట్టును అలాగే ఉంచి, దానిమీద కొత్త రెగ్జిన్ పట్టీ వేసి, పాత వరసకు కాస్త ఎడంగా కుట్టాలి. పట్టీ ఎటు తిరిగి ఉండాలన్నది కూడా ముఖ్యమే. గూనపెంకుల ఇల్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పై పెంకు కింది పెంకు మీదికి వచ్చేలా పేరుస్తారు. తాటాకు కప్పినా చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వెళతారు. నీళ్లు జారే దారిలో ఎక్కడా నోరు తెరుచుకున్న సందు ఉండకూడదు. టాపు పట్టీ కూడా అంతే. తెరిచి ఉండే అంచు వెనక్కి, కిందికి చూడాలి. ముందుకు చూస్తే గాలీ నీళ్లూ దాంట్లోకే దూరతాయి.

దారం దగ్గరకు వచ్చేసరికి చిన్న వాదన జరిగింది. మధ్యాహ్నం అన్నం టిఫిను పట్టుకుని వచ్చిన భార్య, చాచా చేతిలో నైలాన్ దారం చూసి ఊరుకోలేకపోయింది.

‘‘చాచా, నూలు దారమైతే తడిస్తే ఉబ్బి చిల్లు మూసుకుంటది కద. నైలాన్ ఉబ్బది.’’

చాచా కళ్లద్దాలు పైకి తోసి ఆమెను చూశాడు. ‘‘సహీ బాత్ బేటీ. మా ఉస్తాద్ నూలు దారమే వాడేటోడు. కానీ నూలు రెండు వానలకు కుళ్లిపోతది. నైలాన్ కుళ్లది, చిల్లు మూయది. ఇప్పుడు ఏం జేయాలె?’’

ఆమె ఒక్క క్షణం ఆలోచించి ‘‘మైనం’’ అంది.

చెప్పులు కుట్టేవాళ్లు దారానికి మైనం రాసి కుట్టడం అందరూ చూసిందే. చాచా కూడా అదే చేసేవాడు, ఈమధ్య తొందరపని ఎక్కువై మానేశాడు. ఆ రోజు మాత్రం నైలాన్ దారాన్నే మైనం ముద్దలోంచి లాగి కుట్టాడు. కుట్టు పూర్తయ్యాక వరస మీద మళ్లీ మైనం రుద్ది, గుడ్డతో గట్టిగా తోమాడు. ఆ వేడికి మైనం కరిగి చిల్లుల్లోకి దిగుతుంది. ముందు అద్దం బీడింగు కొత్తది వేశారు. పట్టీలు బిగించేసరికి మధ్యలో గుంట పోయి టాపు డప్పులా మోగింది.

‘‘రేపు పొద్దటిదాంక తడపొద్దు. గమ్ము పట్టుకోవాలె’’ అన్నాడు చాచా. సోమవారం పొద్దున మబ్బు పట్టి ఉంది. ఆయన స్టాండులోని స్నేహితుణ్ని బతిమాలి పిల్లల ట్రిప్పు అతని ఆటోలో పంపించాడు. ఒకపూట సంపాదన పోయింది. అయినా అతుకు ఆరకముందే బండి తీస్తే మళ్లీ మొదటికే వస్తుందని ఈసారి తెలిసింది. రిపేరు మొత్తం కలిపి వందల్లోనే తేలింది.

ఇంటి కారున్నవాళ్లకూ...

ఇదంతా ఆటోల సంగతే అనుకోనక్కర్లేదు. 1985లో వచ్చిన మారుతీ జిప్సీ, 2010లో వచ్చిన మహీంద్రా థార్ లాంటి బండ్లకు గుడ్డ టాపులున్నాయి. వాటి కుట్లకూ, బీడింగుకూ ఇదే వైద్యం. మడిచే టాపున్న కార్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. టాపు మడిచి పెట్టే చోట చేరిన నీళ్లు పోవడానికి కంపెనీవాళ్లు సన్నటి దారులు వదులుతారు. చెట్టు కింద పెడితే ఆకులు, దుమ్ము చేరి ఆ దారులు మూసుకుపోతాయి. నీళ్లు వెనక్కి తన్ని లోపలికి వస్తాయి. టాపు నిక్షేపంగా ఉన్నా కార్పెట్ తడుస్తుంది.

ఇప్పుడు చాలా ఇళ్లలో సన్‌రూఫ్ ఉన్న కార్లు వచ్చాయి. దానికీ ఇదే వర్తిస్తుంది. సన్‌రూఫ్ రబ్బరు ఎంత గట్టిదైనా కొద్దిగా నీళ్లు రావడం మామూలే. ఆ నీళ్లు పోవడానికి మూలల్లో సన్న గొట్టాలుంటాయి. వానాకాలానికి ముందు సన్‌రూఫ్ తెరిచి, చుట్టూ ఉన్న కాలువను తడిగుడ్డతో తుడిచి, మూలలో చిన్న గ్లాసుతో నెమ్మదిగా నీళ్లు పోసి చూడండి. కారు కింద ఎక్కడో ఒకచోట కారిపోతే దారి తెరిచి ఉన్నట్టే. నిలిచిపోతే మూసుకున్నట్టు. ఇనుప తీగ పెట్టి పొడవడం, గట్టిగా గాలి కొట్టించడం చేయకండి. గొట్టం లోపల ఊడిపోతే తర్వాత సీలింగు మొత్తం విప్పాల్సి వస్తుంది. కారులో ముక్క వాసన వస్తుంటే సెంటు సీసా పెట్టేముందు కాళ్ల దగ్గర కార్పెట్ లేపి చెయ్యి పెట్టి చూడటం మంచిది.

ఏ టాపూ అన్ని వానలకూ ఆగదన్నది కూడా నిజమే. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం పడేది సుమారు 80 సెంటీమీటర్లే. ఆ రాత్రి సిటీకి తూర్పున ఉన్న కాలనీల్లో నీళ్లు పై నుంచి కాదు, రోడ్డు మీంచే ఇళ్లలోకి వచ్చాయి. అలాంటి రాత్రి బండి తీయకుండా ఇంట్లో ఉండటమే తెలివి. కానీ ఏడాదిలో అలాంటివి ఒకటో రెండో. మిగతావన్నీ పిల్లలు స్కూలుకు వెళ్లే మామూలు వానలే. ఆ వానలకు తట్టుకుంటే చాలు.

సుద్దముక్క

మంగళవారం ఆయన పాప ఇంటిముందు ఆటో ఆపి, తల్లిని పిలిచి టాపు చూపించాడు. ఎక్కడ ఉరిసిందో, ఏం చేయించాడో చెప్పాడు. అంతా అయిపోయిందని మాత్రం అనలేదు.

‘‘అక్కా, గట్టి వాన ఒక్కటి పడితే గాని నాకు గూడ నమ్మకం కుదరదు. అప్పటిదాంక పాపను నడుమ కూసోబెడత. ఆ మూలకు నేనే బ్యాగు పెడత, నాది.’’

ఆమె టాపు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ‘‘సరే అన్నా’’ అని పాపను ఎక్కించింది. వేరే ఆటో మాట మళ్లీ రాలేదు. తర్వాతి నెల డబ్బు ఎప్పటిలా మొదటి వారంలోనే వచ్చింది.

గట్టి వాన ఆగస్టులో పడింది. పిల్లలు ఆరుగురూ లోపలున్నారు. చింతలకుంట దగ్గర రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. ఎడమ మూల పొడిగా ఉంది. ముందు అద్దం పైన పొడిగా ఉంది. హయత్‌నగర్ మలుపు దగ్గరకు వచ్చేసరికి డ్రైవర్ సీటు పైన, ఇదివరకెప్పుడూ లేనిచోట, ఆయన మోకాలి మీద ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి.

వెనక నుంచి పాప ‘అంకుల్, ఇప్పుడు మీ మీద పడుతున్నయ్!’ అని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఎం-సీల్ కొనడానికి ఏ దుకాణం ముందూ ఆగలేదు. పిల్లలందరినీ దింపేసి, ఇంటి ముందు బండి ఆపి, భార్య బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క అడిగి తీసుకున్నాడు. చుక్క పడిన చోట లోపలి వైపు చిన్న గుర్తు పెట్టాడు. ఆ తర్వాత గొట్టం వెంట వేలితో తడిమి చూసుకుంటూ ముందుకు వెళ్లాడు, తడి ఎక్కడ మొదలవుతోందో అని.